చింతమొద్దులోంచి వచ్చిన పీట

మా బావ కళ్ళ ముందు కట్టెల లోడు దించకూడదు. దించామా, ఆ పూటకు ఇంట్లో ఎవరికీ స్నానానికి వేన్నీళ్ళు ఉండవు. ప్రతి కట్టెనూ ఎత్తి పట్టుకుని రెండు కొసలూ చూస్తాడు. గోటితో బెరడు గీకుతాడు. చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టి వింటాడు. ఆ తర్వాత ఇది కాల్చేది, ఇది ఉంచుకునేది అని రెండు కుప్పలు పోస్తాడు. కాల్చే కుప్ప ఎప్పుడూ చిన్నదే. "కట్టెలు కొనింది కాల్చేదానికి గదా బావా" అని నేను నోరు చేసుకుంటే, "కాల్చేదానికి తొందరేముండాది మరదలా, అది ఎప్పుడైనా కాలతాది" అంటాడు. ఆయనతో మాట్లాడి గెలిచే మనిషి మా ఇంట్లో అక్క ఒక్కతే.

మాది తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో, మెయిన్ రోడ్డును ఆనుకుని ఉండే ఊరు. అక్క ఇల్లు, మా ఇల్లు ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. వెనకాల పాత పశువుల కొట్టం ఉంది. ఆవులను అమ్మేశాక అందులోకి మొదట కోళ్ళు వచ్చాయి, తర్వాత పాత సైకిళ్ళు వచ్చాయి, చివరికి బావ వచ్చి అన్నిటినీ వెళ్ళగొట్టాడు. ఆయన కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. తయారైన సామానును కొలవడం, వెంట్రుకవాసి తేడా ఉన్నా తీసి పక్కన పడేయడం ఆయన ఉద్యోగం. అన్నేళ్ళు ఇంకొకరు చేసినదానికి వంకలు పెట్టి జీతం తీసుకున్న మనిషికి, ఇంటికొచ్చాక తానే ఏదో ఒకటి చేయాలని బుద్ధి పుట్టింది. ఒక గొడ్డలి, ఒక రంపం, కొన్ని ఉలులు, చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం, చిత్రిక పట్టే మెషీను చేర్చుకున్నాడు. చెక్క మాత్రం కొనడు. "కొట్లో పలక కొని పీట చేసేదానికి నేనెందుకు, ఎవరైనా చేస్తారు" అంటాడు. పొయ్యిలోకి పోవలసిన కట్టెలోంచి పలక తీయాలి. అదీ ఆయన పంతం.

మొదట్లో నేను నవ్వని రోజు లేదు. ఆయన చేసిన మొదటి స్టూలు ఇప్పటికీ మా వరండాలో ఉంది. దాని మీద కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, కాసేపటికి తిరువళ్ళూరు వైపు వాలిపోతారు. "బావా, మీ ఫ్యాక్టరీలో అయితే దీన్ని పాస్ చేసుంటావా" అని అడిగాను. "చేసుండను. చేసినోణ్ణి పనిలోంచి తీసేసుంటా" అని ఒప్పుకున్నాడు.

అలా నవ్వడానికి పోయి, పోయి, కొట్టం గుమ్మంలో నిలబడి చూడడం నాకు అలవాటైంది. నేను తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. రోజంతా కంప్యూటరు ముందు చేసిన పని సాయంత్రానికి కంటికి కనబడదు. బావ చేసే పని కనబడుతుంది. గుండ్రటి దుంగను బల్ల మీద పెడితే అది దొర్లుతూనే ఉంటుంది కదా, దానికి చదునైన ముఖం ఎక్కడిది? ఆయన ఒక తిన్నటి పలక తీసుకుని, దాని మీద దుంగను మరలతో బిగిస్తాడు. ఇంక దొర్లడానికి వీల్లేదు. ఆ పలక అంచు వెంబడి రంపం నడిపిస్తాడు. బెరడుతో సహా ఒక చెక్క ఊడి పడి, లోపలి నుంచి తడిగా మెరుస్తూ ఒక ముఖం బయటికి వస్తుంది. "ఒక్క ముఖం తిన్నగా వస్తే చాలు, మిగతా మూడూ దాన్నిబట్టి వచ్చేస్తాయి" అనేవాడు. వేపకట్టె లోపల ఎర్రగా ఉంటుందనీ, మామిడిలో నల్లటి చారలు ఉంటాయనీ ఇన్నేళ్ళు ఆ కట్టెలతో నీళ్ళు కాచుకున్న నాకు తెలియదు. చూసి నోరు మూసుకున్నాను. మా ఇంట్లో అదొక పెద్ద విశేషం.

ఇంక అక్క సంగతి. మా వీధిలో పెళ్ళయినా, చెవులు కుట్టించినా, పెద్దల తద్దినమైనా, కూరగాయలు తరిగేది మా అక్కే. నేల మీద కూర్చుని, ఒక మోకాలు పైకి మడిచి, కత్తిపీట మొదలును కుడిపాదంతో అదిమి పట్టుకుని మొదలుపెట్టిందంటే బీన్సు దారపు ముక్కల్లా రాలేవి. కళ్ళు కత్తి మీద ఉండేవి కావు. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూస్తూ, వాళ్ళ ఇంటి గొడవ వింటూ, తీర్పు చెబుతూ తరిగేది. చుట్టాల మధ్య వచ్చిన ఎన్నో పేచీలు ఆ కత్తిపీట ముందే తేలిపోయాయి. అక్క చెయ్యి ఆపి "నువ్వు చేసింది తప్పు" అంటే ఇంక దాని మీద అప్పీలు లేదు.

అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. చెన్నైలో ఆపరేషన్ చేయించాం. నొప్పి పోయింది. నడక వచ్చింది. డాక్టరు ఇంటికి పంపేటప్పుడు, ఇంక నేల మీద కూర్చోకూడదు, ఎప్పటికీ కూర్చోకూడదు అని చెప్పాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆసుపత్రిలో మాకెవరికీ తట్టలేదు. ఇంటికొచ్చి వంటింట్లో అడుగుపెట్టాక తెలిసింది.

అక్క కోడలు మంచిపిల్ల. వంటగట్టు మీద తరిగే చెక్క వేసి, కొత్త చాకు కొనిపెట్టి, ఎత్తు కుర్చీ తెచ్చింది. అక్క రెండు వంకాయలు కోసి వేలు తెగ్గోసుకుంది. "కత్తి కదలకుండా ఉంటే కాయను నేను నడిపిస్తా మే. కత్తే కదిలితే నా చేతికి దారి తెలీదు" అంది నాతో. కత్తిపీటను తీసి భోజనాల బల్ల మీద పెట్టాం. పాదం లేకపోతే అదెలా నిలబడుతుంది, కాయ ఆనించగానే జారిపోయేది. కోడలు రెండు చేతులతో దాన్ని పట్టుకుంటే, అక్క తరగడానికి ప్రయత్నించింది. ఒకరు పట్టుకుంటే తప్ప తరగలేనిదాన్ని అయ్యానే అనుకుందో ఏమో, సగంలో ఆపేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి వంటింట్లోకి రావడం మానేసింది. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో, టీవీ ఎదురుగా కూర్చునేది. సాంబారులో ముక్కలు కొన్ని బండల్లా, కొన్ని పొడిలా పడేవి. మామూలుగా అయితే ఆ ముక్కను గరిటెతో ఎత్తి వీధి వీధంతా చూపించే మనిషి, ఏమీ అనకుండా కలుపుకుని తినేది. అక్క వంక పెట్టకపోవడం చూసి మాకు భయం వేసింది. ఒక రోజు నేను పక్కన కూర్చుంటే, "ఇంక నేను ఒకరు పెట్టింది తినే మనిషినే మే. ఒకరికి చేసిపెట్టే కాలం అయిపోయింది" అంది. ఏడవలేదు. నేనే ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఈ మాట బావతో చెప్పాను. ఆయన నేరుగా కొట్టంలోకి పోయి, దుంగల కుప్ప ముందు నిలబడ్డాడు. "కుర్చీ ఎత్తులో కూర్చోవాల. కత్తిపీట దాంట్లోనే కలిసి ఉండాల. ఆమె బరువుకే అది కదలకుండా నిలబడాల" అన్నాడు. పీట మీద కూర్చుంటే, ఆ పీటలోంచే ముందుకు ఒక నాలిక లాంటి పలక వస్తుంది. దాని కొసన కత్తి ఉంటుంది. కాళ్ళు రెండూ నేలకు ఆనతాయి, మోకాళ్ళు ముడుచుకోనక్కర్లేదు. చెక్క మాత్రం బరువైనది కావాలి. అప్పుడే రోడ్డు వెడల్పు చేయడానికి పక్కనున్న ముసలి చింతచెట్లు కొట్టేశారు. ఆ కొమ్మలూ మొద్దులూ కట్టెల మండికి చేరాయి. మాకు వచ్చిన లోడులో రెండు చింతమొద్దులు ఉన్నాయి. మాంసం కొట్టేవాళ్ళు కింద వేసుకునే మొద్దులు చింతవే. అంత గట్టిది. బావ ఒకదాన్ని కాల్చే కుప్పలోంచి తీసి, కొడుకును నిమిరినట్టు నిమిరాడు.

అక్కకు చెప్పవద్దన్నాడు. చెబితే వద్దంటుందని ఆయన భయం. "చేసి ముందర పెట్టినామంటే కూర్చోకుండా ఏం చేస్తాది" అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మరి కొలతలు ఎలాగ? మధ్యాహ్నం అక్క మంచం మీద నడుం వాల్చినప్పుడు ఇద్దరం దొంగల్లా లోపలికి పోయాం. నేను టేపు ఒక కొస పట్టుకుంటే, ఆయన రెండో కొస పట్టుకుని పాదం నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి నడుం దాకా కొలిచాడు. గుసగుసగా లెక్కలు. వెనకాల ఆనుకోవడానికి ఒక పలక, చేతులు పెట్టుకోవడానికి రెండు కట్టెలు కూడా పెడదామని అక్కడే తీర్మానించాం. బయటికొచ్చి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. రిటైరైన మొగుడు పెళ్ళాన్ని దొంగతనంగా కొలవడం నేనెక్కడా చూడలేదు.

చింతను కోయడం తమాషా కాదు. రంపం పళ్ళు మొద్దుబారిపోయేవి. కాసేపు కోయడం, కాసేపు పదును పెట్టుకోవడం. దుమ్ము పుల్లటి వాసన వేసేది. బెరడు కింద తెల్లటి చెక్కంతా చెక్కేశాక, నడిమధ్యలో ముదురు రంగు చేవ బయటపడింది. బావ దాని మీద చెయ్యి పెట్టి నన్ను పిలిచి చూపించాడు. పలకలు కోశాక అసలు కష్టం మొదలైంది. పచ్చి చెక్క ఎండేటప్పుడు కొసల నుంచి నీళ్ళు గబగబా పోతే పగులుతుంది. అందుకని కొసలకు పేడ పూయాలి. మాకు ఆవులు లేవు. ప్యాంటూ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉద్యోగానికి పోయిన మనిషి, బకెట్ పట్టుకుని పాలవాళ్ళ ఇంటికి పోయి పేడ అడిగి తెచ్చాడు. పలకకూ పలకకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, పైన బండరాళ్ళు పెట్టాడు. ఎండ తగలకూడదు, వాన తగలకూడదు. వారం వారం ఒక ముక్కను తీసి త్రాసుకు తగిలించేవాడు. బరువు తగ్గడం ఆగితే లోపలి నీళ్ళు పోయినట్టట. నేను వారం రోజులు కూడా ఓపిక పట్టగలిగే దాన్ని కాను. ఆయన నెలల తరబడి ఆ కుప్ప చుట్టూ తిరిగాడు. పొద్దున లేచి కాఫీ కంటే ముందు దాన్ని చూసి వచ్చేవాడు. ఆ పలకల్లో ఆయనకు కనబడేది చెక్క కాదని నాకు తెలుసు. మళ్ళీ వంటింట్లోంచి వినబడవలసిన అక్క గొంతు కోసం అంత తాపత్రయం.

చివరికి పలకలు ఎండాక చిత్రిక పట్టి, కాళ్ళు చెక్కి పెట్టాడు. ఇంతలో ఆడికృత్తిక పండగ వచ్చింది. తిరుత్తణి కొండ మీది స్వామికి కావళ్ళు మోసుకుని నడిచిపోయేవాళ్ళు మా వాకిలి ముందు నుంచే పోతారు. పసుపు గుడ్డలు, పువ్వులు కట్టిన కావళ్ళు, డప్పులు, అరోహరా అనే కేకలు. మా వీధివాళ్ళం ఏటా రోడ్డు పక్కన పందిరి వేసి సాంబారన్నం, మజ్జిగ పెడతాం. వంట మా వెనక దొడ్డిలో. ముందు రోజు గట్టి వాన కురిసింది. బయట పేర్చిన కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. పొద్దున పొయ్యి వెలిగిస్తే మంట లేదు, పొగ మాత్రం దొడ్డి నిండా. నేను ముందు పందిట్లో మజ్జిగ పోస్తున్నాను. బావ విస్తళ్ళు తేవడానికి తిరువళ్ళూరు పోయాడు.

బావ తిరిగి వచ్చేసరికి పొయ్యి భగభగ మండుతోంది. పొగ లేదు. ఆయన విస్తళ్ళ కట్ట భుజాన పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను మజ్జిగ బిందె నింపుకోవడానికి వెనక్కి వచ్చి, ఆయన చూపు వెంబడి చూశాను. చిత్రిక పట్టిన పలకలు, నలుపలకలుగా చెక్కిన కాళ్ళు, ఒకదాని మీద ఒకటి పొయ్యిలో మండుతున్నాయి. ఒకదాని కొసన పూసిన పేడ ఇంకా అంటుకునే ఉంది. అక్క కోడలు చెమట తుడుచుకుంటూ, "కట్టెలు మండకపోతే అత్తే లేచొచ్చింది చిన్నత్తా. కొట్టంలో ఎండినవి ఉండాయి, పేడ పూసినవి, అవి తెచ్చి పెట్టండి అనింది" అని సంబరంగా చెప్పింది. పాపం, ఆ పిల్లకు ఏమీ తెలియదు.

అక్క పొయ్యి దగ్గర చేతికర్ర ఆనుకుని నిలబడి ఉంది. ఆపరేషన్ తర్వాత ఆమె దొడ్డిలోకి రావడం అదే మొదలు. గరిటెతో సాంబారు అరచేతిలో వేసుకుని చప్పరించి, "ఉప్పు పడలేదు, ఎవరు ఏసింది దీనికి" అని అరుస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగేద్దామని నోరు తెరిచాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏమీ అనొద్దు. ఆమె లేచి పొయ్యి కాడికి వచ్చింది, చూడు. అది చాలు ఈ పొద్దుకు" అన్నాడు. విస్తరి వేసుకుని, ఆ మంట మీద ఉడికిన అన్నం పెట్టించుకుని, జనంతోపాటు కూర్చుని తిన్నాడు. అన్ని నెలల కష్టం కళ్ళ ముందు బూడిదవుతుంటే, అంత నిదానంగా ఎలా తిన్నాడో. నేనైతే విస్తరి విసిరికొట్టి ఉందును.

పండగ అయిన మర్నాడు అక్క మళ్ళీ టీవీ ముందుకు చేరింది. బావ కుప్పలోంచి ఇంకో చింతమొద్దు బయటికి దొర్లించాడు. ఈసారి మాత్రం రంపం ముట్టుకోలేదు. టేపు తీసుకుని నేరుగా ముందు గదిలోకి వచ్చాడు. నేను అక్క పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను.

"లేయి, కొలత తీసుకోవాల" అన్నాడు అక్కతో.

అక్క టీవీ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "ఒక తూరి తీసుకున్నారు గదా, ఇద్దరూ చేరి. మళ్ళా ఎందుకు?" అంది.

నా చేతిలో వెల్లుల్లి నా చేతిలోనే ఉండిపోయింది.

"నిద్రపోతాంటే కొలిచినామనుకున్నారు. ఆపరేషన్ అయినకాడి నుంచి నాకు మధ్యాన్నం నిద్ర యాడ పట్టింది? పీనుగను కొలిచినట్టు కొలిచినారు. ఆనుకునేదానికి ఒక పలక, చేతులు పెట్టుకునేదానికి రెండు కట్టెలు. అంతా విన్నా. ఆసుపత్రి కుర్చీ చేస్తాండారు నాకు అనుకున్నా. అందుకే పొయ్యిలో పెట్టమన్నా. తెలిసే పెట్టమన్నా" అంది. అప్పుడు కళ్ళు తిప్పి బావను చూసింది.

నేను బావ మొహం చూడలేకపోయాను. ఆయన మాత్రం తల ఊపాడు.

"తెలుసు" అన్నాడు. "తడి కట్టె, ఎండు కట్టె తెలిసినదానికి చిత్రిక పట్టిన పలక తెలీకుండా పోతాదా?"

"తెలిస్తే ఆ పొద్దే ఎందుకు అడగలేదు?"

"అడగాల్సింది ముందర. కాలిపోయినాక ఏమడిగేది?" అన్నాడు. టేపు ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడు అడుగుతాండా. నువ్వు ఎట్ల కూర్చుంటావు, కత్తి ఎంత దూరాన ఉండాల, చెప్పు. వద్దంటే సరి, ఈ మొద్దును కూడా వేన్నీళ్ళకే పెడతా."

టీవీలో ఎవరో ఏదో అమ్ముతున్నారు. నేను లేచి దాన్ని ఆపేశాను.

"ఆనుకునేది వద్దు" అంది అక్క.

"సరే."

"చేతులు పెట్టుకునేది వద్దు. చేతులు పెట్టుకుంటే పని ఎవరు చేస్తారు?"

"సరే."

"కత్తి నడిమికి వద్దు. చీర కుచ్చెళ్ళకు అడ్డం వస్తాది. నాకు కుడిపక్కకు రావాల. కింద చేట పెట్టుకునేదానికి చోటుండాల. ముక్కలు నేరుగా దాంట్లో పడాల." చెబుతూ చెబుతూ లేచి నిలబడింది. టేపు కొసను తనే పట్టుకుని, రెండో కొసను బావ చేతికిచ్చింది. "ఇదో, ఈడ నుంచి ఈడికి" అంది.

జీవితమంతా ఇంకొకరి సామానుకు పాస్, ఫెయిల్ అని చెప్పిన మనిషి, తన పలకలను ఫెయిల్ చేసి మంటలో పడేసిన ఆడమనిషి ముందు నిలబడి, ఆమె చెప్పే ప్రతి మాటకూ సరే సరే అంటూ నేల మీద సుద్దతో గీతలు గీసుకున్నాడు. ఒక్క మాట సాధించలేదు. అప్పుడే కాదు, తర్వాత కూడా ఎన్నడూ సాధించలేదు. నేనూ పెళ్ళయి కాపురం చేసినదాన్నే. అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ తర్వాత కొట్టంలో అక్క పెత్తనం మొదలైంది. మళ్ళీ కోయడం, మళ్ళీ పేడ, మళ్ళీ పుల్లలు పెట్టి పేర్చడం. ఈసారి అక్క చేతికర్ర పట్టుకుని వచ్చి, కొట్టం గుమ్మంలో ఆ వాలిపోయే స్టూలు వేయించుకుని కూర్చునేది. "ఆ పలకలో ముడి ఉండాది, ఆడ కత్తి దిగదు" అనేది. "పేడ పల్చగా పూసినావు, ఇంకోపూత పుయ్యి" అనేది. పని ఆగినప్పుడు నన్ను పిలిచి, "మీ బావకు ఒక టీ పెట్టి తీసుకురా, పొద్దుటి నుంచి దుమ్ము మింగతాండాడు" అనేది. నేను రెండు ఇళ్ళకూ పనిమనిషినయ్యాను. సణుగుతూనే పెట్టాను.

చెక్క ఎండి చేతికి రావడానికి చాలా నెలలు పట్టింది. కాళ్ళ కొసలు చెక్కి, పీటకు తొలిచిన బెజ్జాల్లో సుత్తితో దిగ్గొట్టాడు. ఒక్క మేకు లేదు. వేపనూనె రుద్దాడు. కత్తిని పాత కత్తిపీటలోంచి ఊడదీసి, కొత్త నాలిక కొసన బిగించాడు. చింత చేవ నూనె తాగి ముదురు బెల్లం రంగుకు వచ్చింది. నేను చూసి వంక పెడదామనుకున్నాను. పెట్టడానికి ఏమీ దొరకలేదు. "బావా, ఇది పాస్" అన్నాను. "పాస్ చేయాల్సింది నువ్వు కాదులే" అన్నాడు.

మళ్ళీ ఆడికృత్తిక ముందు రోజు ఆ పీటను ఇద్దరు మనుషులు పట్టి దొడ్డిలోకి మోసుకొచ్చి పెట్టారు. అంత బరువు. అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగింది. చెయ్యి పెట్టి కదిపి చూసింది, కదలలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. కాలివేళ్ళు నేలకు ఆనాయి. కింద చేట పెట్టాం. నేను ఒక గుమ్మడికాయ సగం అందించాను.

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కత్తికి ఆనించింది. కాయ నెమ్మదిగా ముందుకు జరిగింది, ముక్క తెగి చేటలో పడింది. ఇంకోటి పడింది. కాసేపటికి చప్పుడు పాత దారిలో పడింది. అక్క కళ్ళు కత్తిని వదిలేసి, మా వైపు తిరిగాయి. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఫ్యాక్టరీలో నిలబడినట్టు నిలబడి చూస్తున్నాడు.

"ఏమయ్యా" అంది అక్క, తరగడం ఆపకుండా. "రవంత ఎత్తు ఎక్కువైంది. పాదం పూర్తిగా ఆనలేదు."

బావ మొహం విప్పారింది. ఆమె వంక పెట్టి ఎన్నాళ్ళయిందో. ఒక్క అంగలో కొట్టంలోకి పోయి రంపం పట్టుకొచ్చాడు. "లేయి, కాళ్ళు కాస్త కోసి ఇస్తా. క్షణంలో అయిపోతాది" అన్నాడు.

"ఇప్పుడు లేవను" అంది అక్క. "ఈ కాయలన్నీ ఎవరు తరగతారు? సాయంత్రం కోసుకో."

బావ రంపం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అక్క చెయ్యి చాపి ఇంకో సగం ఇమ్మంది.